చదువుకునే వయసులో క్యాన్సర్: అపోహలు – వాస్తవాలు

హుజూర్‌నగర్ లాంటి ఊళ్లో డిగ్రీనో ఇంజినీరింగో చదివే బిడ్డకు క్యాన్సర్ అని తేలితే రిపోర్టు కంటే ముందే ఆ కబురు వాడంతా తిరుగుతుంది. పరామర్శకు వచ్చినవాళ్లు తలా ఒక మాట చెబుతారు. ప్రేమతో చెప్పినవే అయినా కొన్ని మాటలు చికిత్సను ఆలస్యం చేస్తాయి, కొన్ని ఆ బిడ్డను ఒంటరిని చేస్తాయి. మందు డాక్టర్లు ఇస్తారు. చికిత్స పూర్తయ్యేదాకా ఆ కుటుంబాన్ని నిలబెట్టాల్సింది మనమే.

అపోహ: ఈ వయసులో క్యాన్సర్ రాదు. వస్తే బతకరు.
వాస్తవం: రక్త క్యాన్సర్, లింఫోమా, ఎముక క్యాన్సర్ యువతలోనూ వస్తాయి. వారాలు గడిచినా తగ్గని జ్వరం, మెడలో నొప్పి లేని గడ్డ, ఉన్నట్టుండి బరువు తగ్గడం, రాత్రిపూట మోకాలి దగ్గర నొప్పి ఉంటే పరీక్షల ఒత్తిడి అని సరిపెట్టుకోవద్దు. ఈ క్యాన్సర్లలో చాలావాటికి మంచి చికిత్స ఉంది. హాడ్జ్‌కిన్ లింఫోమాను తొలిదశలో పట్టుకుని సరైన వైద్యం అందిస్తే ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది.

అపోహ: ముక్క తీస్తే ఒళ్లంతా పాకుతుంది. పసరు మందు చాలు.
వాస్తవం: ముక్క తీసి పరీక్షించే బయాప్సీ చేయనిదే అది ఏ రకం క్యాన్సరో, ఏ మందు ఇవ్వాలో తెలియదు. ముక్క తీసినందువల్ల పాకడం చాలా అరుదు. ఆలస్యం చేస్తే పాకే ముప్పు చాలా ఎక్కువ. కొన్ని ఆకుమందులు కీమో పనికి అడ్డుపడతాయి, కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మట్టపల్లి నరసింహస్వామికో, జాన్‌పహాడ్ సైదులుకో మొక్కుకోండి, తప్పులేదు. మొక్కు కోసం కీమో తేదీ మాత్రం వాయిదా వేయొద్దు.

అపోహ: దగ్గరకెళ్తే అంటుకుంటుంది.
వాస్తవం: కలిసి తిన్నా, పక్కన పడుకున్నా క్యాన్సర్ అంటదు. మన జలుబే ఆ బిడ్డకు ప్రమాదం. కీమో ఇచ్చిన వారం, రెండు వారాల్లో తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే, గోలీ వేసి తెల్లారేదాకా చూడకూడదు, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసి ఆసుపత్రికి బయల్దేరాలి. ఆ అర్ధరాత్రి తలుపు తట్టగానే కారు తీసే పొరుగాయన ఉంటే అంతకు మించిన సాయం లేదు.

అపోహ: లక్షలు లేకపోతే వైద్యం లేదు.
వాస్తవం: హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి పేదలకు సేవ చేస్తోంది. అర్హులైన కుటుంబాలకు ఆరోగ్యశ్రీ ఉచిత వైద్యం పరిమితిని 2023 డిసెంబర్‌లో రూ. 10 లక్షలకు పెంచారు. ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. తోడు వెళ్లే తల్లికి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. అయినా గది అద్దె, తిండి, బయట కొనే మందులు, తండ్రి పోగొట్టుకున్న కూలి మిగిలే ఉంటాయి. ఊరి సాయం కావాల్సింది అక్కడే.

అపోహ: చందా అడిగితే పరువు పోతుంది.
వాస్తవం: భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పై చదువుకు అమెరికా వెళ్లింది మామగారి అండతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయంతో. తర్వాత అక్కడి లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన మెథోట్రెక్సేట్ మందును నేటికీ రక్త క్యాన్సర్‌కు, ఎముక క్యాన్సర్‌కు వాడుతున్నారు. ఒక విద్యార్థికి నలుగురు చేసిన సాయం ఎందరి ప్రాణాలు నిలిపిందో చూడండి. పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో డబ్బు పోగుచేసేటప్పుడు కుటుంబం బ్యాంకు ఖాతాకే పంపాలి, లెక్క అందరికీ చూపాలి. ఆ బిడ్డ సరేనంటేనే ఫొటో పెట్టాలి.

అపోహ: డబ్బిస్తే మన పని అయిపోయింది.
వాస్తవం: చికిత్సలో ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సి రావచ్చు, దానం చేసినవి ఐదు రోజులే నిల్వ ఉంటాయి. కాబట్టి దాతలు వంతులవారీగా సిద్ధంగా ఉండాలి. 18 ఏళ్లు నిండిన ఆరోగ్యవంతులైన క్లాస్‌మేట్లు పేరు, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు రాసి ఒక జాబితా చేసి పెట్టుకుంటే, ఫోన్ వచ్చిన రోజు వెతుకులాట ఉండదు.

అపోహ: ఇక చదువు లేదు, పెళ్లి లేదు.
వాస్తవం: ఊడిన జుట్టు కీమో అయ్యాక సాధారణంగా మళ్లీ వస్తుంది. సంతానం విషయం చికిత్స మొదలవకముందే డాక్టర్‌ను అడగాలి. అబ్బాయిలు వీర్యాన్ని భద్రపరచుకోవచ్చు, అమ్మాయిలకూ మార్గాలున్నాయి. చదువు విషయానికొస్తే, జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలో హాజరు 75 శాతం ఉండాలి. అనారోగ్య కారణంగా అది 65 శాతం దాకా పడిపోయినా మినహాయింపు అడగొచ్చు. మెడికల్ సర్టిఫికెట్లు ఎప్పటికప్పుడు కాలేజీలో ఇవ్వాలి. హాజరు 65 శాతం కంటే తగ్గితే ఏడాది ఆలస్యమవుతుంది, అంతేగానీ చదువు పోదు.

ఈసారి పరామర్శకు వెళ్లినప్పుడు సలహా చెప్పకండి. "నీకేం కావాలి బిడ్డా?" అని అడగండి. నోట్సో, రక్తమో, బస్సులో తోడో, ఏదడిగితే అది చేయండి.