నిరంకుశ పాలనలో ఒక నిర్మాత: నిజాంసాగర్, నవాబ్ అలీ నవాజ్ జంగ్

కవి కాగితం ముక్క మీదనో జైలు గోడ మీదనో తన పని తాను చేసుకోగలడు గాని, శిల్పికి ఆ వెసులుబాటు లేదు. అతనికి రాయి కావాలి, స్థలం కావాలి, కూలీలు కావాలి, ఏళ్ల తరబడి పెట్టుబడి పెట్టే చేయి కావాలి. నిరంకుశ పాలనలో ఇవన్నీ ప్రభువు గుప్పిట్లోనే ఉంటాయి కనుక, అటువంటి రాజ్యంలో శిల్పి జీవితం ఎలా సాగిందన్న ప్రశ్న కళాచరిత్రలో పదే పదే ఎదురవుతుంది. రాతితో పనిచేసే మరొక నిర్మాత, అంటే ఆనకట్టలు కట్టే ఇంజనీరు, ఇంతకంటే ఎక్కువగా రాజ్యం మీద ఆధారపడతాడు, ఎందుకంటే నదిని ఆపే అధికారమూ, ఊళ్లను ఖాళీ చేయించే అధికారమూ రాజ్యానికి తప్ప ఇంకెవరికీ ఉండవు. తెలంగాణలో ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన చోటు నేటి కామారెడ్డి జిల్లాలో, ఎల్లారెడ్డి ప్రాంతంలో, మంజీర నదికి అడ్డంగా నిలిచిన నిజాంసాగర్. అందుకు తగిన జీవితం, ఆ రాజ్యానికి చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్‌ది.

నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో ముగిసింది. అప్పటి హైదరాబాద్ సంస్థానాన్ని ఏలుతున్నది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన 1911 నుంచి 1948 దాకా పాలించాడు. పైన బ్రిటిష్ సార్వభౌమత్వం, హైదరాబాద్‌లో వారి ప్రతినిధి అయిన రెసిడెంటు ఉన్నప్పటికీ, సంస్థానం లోపలి వ్యవహారాల్లో ఫర్మానా, అంటే నిజాం సంతకంతో వెలువడే ఆజ్ఞాపత్రమే చివరి మాట. మంత్రిమండలి ఉండేది గాని అది ప్రజలకు కాక ప్రభువుకు జవాబుదారీ. సభ జరపాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని శాసించే ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు అమలులో ఉండేది. భూమిలో దాదాపు 40 శాతం జాగీర్దార్ల కింద, నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన సర్ఫేఖాస్ కింద ఉండేది. మిగిలిన దివానీ ప్రాంతంలోనే ప్రభుత్వం నేరుగా శిస్తు వసూలు చేసేది. ఊళ్లలో దేశ్‌ముఖులు, పటేల్ పట్వారీల పెత్తనం, వెట్టిచాకిరీ ఈ వ్యవస్థకు పునాదులు.

అలీ నవాజ్ జంగ్ అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. ఆయన 1877 జూలై 11న హైదరాబాద్‌లో పుట్టి, అక్కడే చదువుకొని, 1896లో సంస్థాన ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లాండులోని కూపర్స్ హిల్ కాలేజీకి వెళ్లాడు. భారతదేశంలో కాలువలు, రోడ్లు, వంతెనలు కట్టడానికి కావలసిన ఇంజనీర్లను తయారుచేసేందుకే బ్రిటిష్ ప్రభుత్వం స్థాపించిన కళాశాల అది. 1899లో తిరిగివచ్చి ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన ఆయన 1918 నాటికి చీఫ్ ఇంజనీరు అయ్యాడు. ఈ వివరాల్లో గమనించవలసిన విషయం ఒకటుంది. చదువు ప్రభువు ఖర్చుతో జరిగింది, కొలువు ప్రభువు ఇచ్చింది, చివరకు లోకం ఆయనను గుర్తుపట్టే పేరు కూడా ప్రభువు ప్రసాదించిన బిరుదే. ఆయన హయాంలో పూర్తయిన జలాశయాల పేర్లు కూడా అదే కథ చెబుతాయి: ఉస్మాన్‌సాగర్ నిజాం పేరుతో, హిమాయత్‌సాగర్ ఆయన పెద్ద కొడుకు పేరుతో, నిజాంసాగర్ ఏకంగా ఆ సింహాసనం పేరుతో వెలిశాయి. తెలంగాణవాసులకు దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటి సుపరిచితమే. పాలంపేటలో 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయాన్ని జనం రామప్ప గుడి అనే పిలుస్తారు. ఆ రామప్ప శిల్పి అని తరతరాలుగా చెప్పుకుంటారు. కట్టించినవాడి పేరును పక్కనపెట్టి చెక్కినవాడి పేరును నిలుపుకున్న ఆ లోకస్మృతి నిజాంసాగర్ విషయంలో పనిచేయలేదు.

అయితే అలీ నవాజ్ జంగ్‌ను కేవలం మరుగునపడిన మహనీయుడిగా చూపి ఊరుకోవడం అసంపూర్ణమైన పని. నిరంకుశ రాజ్యాలు నిర్మాతలందరినీ ఒకేలా చూడవు. ఆ తేడా ఎక్కడుందో తెలియాలంటే అదే కాలంలో ఐరోపాలో పనిచేసిన ఇద్దరు శిల్పుల జీవితాలను తలచుకోవాలి. జర్మన్ శిల్పి ఎర్నెస్ట్ బార్లాఖ్ మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయినవారి స్మారకంగా గ్యూస్ట్రో పట్టణపు చర్చిలో 1927లో ఒక కంచు విగ్రహాన్ని గాలిలో వేలాడేలా అమర్చాడు. అందులో వీరత్వపు ఆర్భాటం లేదు, కళ్లు మూసుకున్న శోకం మాత్రమే ఉంది. నాజీలకు ఆ శోకం నచ్చలేదు. 1937లో విగ్రహాన్ని దించివేశారు, ఆ తరువాత దాన్ని కరిగించారు. బార్లాఖ్ 1938లో కన్నుమూశాడు. సోవియట్ శిల్పి వేరా ముఖినా జీవితం మరో తీరుగా నడిచింది. ఆమె 1930లో భర్తతో పాటు వొరోనెజ్ నగరానికి ప్రవాసశిక్ష అనుభవించింది. ఏడేళ్లు తిరగకుండానే, 1937 పారిస్ ప్రదర్శనలో సోవియట్ మంటపం మీద ఆమె చేసిన కార్మికుడు, రైతుస్త్రీల ఉక్కు విగ్రహం ఆ రాజ్యానికి ప్రపంచం ముందు ముఖచిత్రమయింది. ఒకరి శిల్పం ప్రభువు మాటకు ఎదురు చెప్పింది, మరొకరి శిల్పం ఆ మాటను ఎలుగెత్తి పలికింది. ఏ విధంగా చూసినా శిల్పానికి భావం ఉంటుంది, అందుకే పాలకుడు దాని జోలికి వస్తాడు.

ఆనకట్టకు అటువంటి భావం ఉండదు, లేదా ఉన్నట్టు పైకి కనబడదు. నీరు నిలుస్తుందా, కాలువ పారుతుందా అన్నవే దానికి పరీక్షలు. అలీ నవాజ్ జంగ్‌కు ఆ రాజ్యంలో సుదీర్ఘకాలం పనిచేసే వీలు దొరకడానికి ఆయన ప్రతిభతో పాటు ఈ మౌనం కూడా కారణమే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, ఖమ్మం వైపు పాలేరు, వైరా, ఎల్లారెడ్డి దగ్గర పోచారం, అన్నిటికంటే పెద్దదైన నిజాంసాగర్ ఆయన కాలంలోనే రూపు దిద్దుకున్నాయి. శాసనసభల్లో చర్చ, ఎన్నికల లెక్క లేని రాజ్యంలో ఒక్క ఫర్మానాతో ఖజానా తెరుచుకుంటుంది. ఒక సమర్థుడైన ఇంజనీరుకు అది గొప్ప అవకాశం.

మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా తెలంగాణలోకి వచ్చి, ఉత్తరానికి తిరిగి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ నదికి అడ్డంగా అచ్చంపేట వద్ద దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున కట్ట కట్టి, దాని మీద వాహనాలు పోయేలా 14 అడుగుల వెడల్పున బాట వేశారు. ఇటువంటి రాతి ఆనకట్టను ఇంజనీర్లు భారాధార కట్టడం అంటారు. అంటే వెనక నిలిచిన నీటి తోపుడును కట్ట తన బరువుతోనే ఎదుర్కొంటుంది. నీరు ఎంత లోతుగా నిలిస్తే అడుగున తోపుడు అంత పెరుగుతుంది కాబట్టి, కట్ట పైన సన్నగా, అడుగుకు పోయేకొద్దీ వెడల్పుగా ఉండాలి. పునాది గట్టి రాతిమీద కూర్చోవాలి. కట్ట కిందుగా ఊట చొరబడి దాన్ని పైకి ఎత్తకుండా చూసుకోవాలి. వరద వచ్చినప్పుడు ఎక్కువైన నీరు గేట్ల గుండా, అలుగు మీదుగా దిగువకు పోవాలి. మామూలు రోజుల్లో కావలసినంత నీరే తూముల ద్వారా కాలువలోకి దిగాలి. ఈ లెక్కల్లో ఏ ఒక్కటి తప్పినా శిక్ష పడేది దిగువన ఉన్న ఊళ్లకు. పోచారం కట్ట నూరేళ్లు దాటాక, 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వరదకు పక్కన మట్టి కోసుకుపోయినా నిలబడడాన్ని చూసినవారు ఆ తరం ఇంజనీర్ల పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేరు.

నిజాంసాగర్ మొదటి నిల్వ సామర్థ్యం సుమారు 30 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. బాన్సువాడ, బోధన్ మీదుగా నిజామాబాద్ వైపు సాగే ప్రధాన కాలువ కింద రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. ప్రభుత్వం ఇంత ఖర్చుకు సిద్ధపడడానికి కారణం కరువు భయం ఒక్కటే కాదు, ఖుష్కీ భూమి, అంటే మెట్ట, తరి భూమిగా, అంటే మాగాణిగా మారితే శిస్తు పెరుగుతుంది. నీరు పారిన తరువాత కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి ఆయకట్టులో భూములు కొని స్థిరపడ్డాయి. వారు వేసుకున్న గుడిసెల చుట్టూ పెరిగిన ఊళ్లకు నేటికీ ‘క్యాంపు’ అన్న మాట తోకగా ఉంది. చెరకు పెరిగింది, 1930ల చివర బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. కాలువ నీరందిన చోటల్లా బతుకు మారిందన్నది కాదనలేని సత్యం.

అదే కట్టకు ఎగువ వైపున నలభై దాకా గ్రామాలను ఖాళీ చేయించారు. ఆ ఊళ్ల రైతులు, చాకలి, మంగలి, కుమ్మరి కుటుంబాలు, పొలం లేని మాల మాదిగ కుటుంబాలు ఎక్కడ తలదాచుకున్నాయన్న సంగతిని జలాశయాన్ని కీర్తించే వ్యాసాలు ఎక్కడా పట్టించుకోలేదు. ఏ రాజ్యంలోనైనా ఆనకట్ట ముంపు తెస్తుంది. ప్రజాస్వామ్యంలో కట్టిన శ్రీశైలం, నాగార్జునసాగర్ నిర్వాసితుల గోడు కూడా తక్కువదేమీ కాదు. కాని ఇక్కడ తేడా ఉంది. 1920లలో మంజీర ఒడ్డున రైతులు ఒకచోట చేరి తమ నష్టాన్ని చర్చించుకోవాలన్నా అనుమతి కావాలి. కట్ట పని నడుస్తుండగానే, 1930లో, అదే నదికి ఎగువన ఉన్న జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగు జనం తమ బాధలను బహిరంగంగా చెప్పుకోవడానికి వేదిక దొరకడం అప్పుడప్పుడే మొదలయిందన్నమాట. ముంపు గ్రామాలకు ఆ వేదిక ఆలస్యంగా వచ్చింది. రాజ్యం గొంతు నొక్కింది కాబట్టే కట్ట అంత వేగంగా లేచిందన్న మాట చేదుగా ఉన్నా, దాన్ని ఒప్పుకోకుండా ఆ ఇంజనీరు ఘనతను లెక్కగట్టడం న్యాయం కాదు.

ఆయన వ్యక్తిత్వాన్ని దర్బారు విధేయతతోనే కొలవడం కూడా సరికాదు. సింధు నది మీద సుక్కూరులో కడుతున్న లాయిడ్ బ్యారేజీ ఖర్చులను పరిశీలించేందుకు బొంబాయి ప్రభుత్వం 1929లో ఇద్దరు ఇంజనీర్లను పిలిచింది: ఒకరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య, మరొకరు అలీ నవాజ్ జంగ్. 1938లో కాంగ్రెస్ అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్ చొరవతో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షుడుగా జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడినప్పుడు, నదుల నియంత్రణ, నీటిపారుదల ఉపసంఘానికి ఆయనే అధ్యక్షుడయ్యాడు. ఒక నిరంకుశ ప్రభువు కొలువులో జీవితం గడిపిన ఇంజనీరును రాబోయే స్వతంత్ర భారతం తన నదుల గురించి ఆలోచించమని అడిగిందంటే, ఆయన విద్యకు ఉన్న విలువ ఫర్మానాల పరిధి దాటిందని అర్థం.

నిజాంసాగర్ ఉన్న అప్పటి నిజామాబాద్ జిల్లాలోనే మరొకరి కథ ఇందుకు పూర్తిగా ఎదురుగా నిలుస్తుంది. నిజాంను ఎదిరించి పద్యాలు రాసిన దాశరథి కృష్ణమాచార్యను నిజామాబాద్ కోటలోని జైలులో బంధించారు; వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకు అక్కడ తోటి ఖైదీ. దాశరథి బొగ్గుతో జైలు గోడ మీద పద్యాలు రాశారు. నిజాం ప్రభుత్వం ఒక చేత్తో నదికి అడ్డుకట్ట వేసిన నిర్మాతకు బిరుదులిచ్చి, మరో చేత్తో పద్యం పలికినవాడిని గోడల మధ్య పెట్టింది. ఈ రెండూ ఒకే పాలన స్వభావాన్ని తెలిపేవే: పనికివచ్చే నైపుణ్యాన్ని పోషించింది, ప్రశ్నించే గొంతును సహించలేదు. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. అలీ నవాజ్ జంగ్ మరుసటి ఏడాది డిసెంబరు 6న మరణించాడు.

ఆయన కట్టడానికి ఆ తరువాతి కాలం మేలు చేయలేదు. మంజీర మోసుకొచ్చే ఒండ్రు ఏటేటా జలాశయంలో పేరుకొని, నిల్వ సామర్థ్యం 17.8 టీఎంసీలకు పడిపోయింది. ఎగువన సంగారెడ్డి జిల్లాలో సుమారు 30 టీఎంసీల సింగూరు జలాశయం ప్రధానంగా హైదరాబాద్ తాగునీటి కోసం కట్టిన తరువాత నిజాంసాగర్‌కు వచ్చే వరద తగ్గింది. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో చివరి ఆయకట్టు రైతులు కాలువ నీటి కోసం ఎదురుచూసి, బోర్ల మీద అప్పులు చేసుకొన్నారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా ప్రకటించడంతో అలీ నవాజ్ జంగ్ పేరు మళ్లీ జనం నోట వినబడుతున్నది. అది న్యాయమైన గుర్తింపే.

ఆ గుర్తింపుకు తోడుగా ఇంకొక పని కూడా జరగాలి. నిజాంసాగర్ కట్ట ఎక్కే సందర్శకుడికి నిర్మాత పేరుతో పాటు, నీటి కింద ఉన్న ఊళ్ల పేర్లు కూడా ఒక రాతిపలక మీద కనిపించాలి. పాత రెవెన్యూ దస్తావేజుల్లో ఆ గ్రామాల లెక్కలు దొరకవచ్చు. పిట్లం, ఎల్లారెడ్డి, బాన్సువాడ వైపు పెద్దవారి ఇళ్లలో తాతల ఊరి పేరు ఇంకా మాటల్లో నిలిచి ఉండవచ్చు. చరిత్ర శాఖలు, స్థానిక కళాశాలల విద్యార్థులు, ఆ పెద్దలు ఉన్నప్పుడే ఆ పేర్లను సేకరించి నమోదు చేయాలి.