‘ఎంత’ నుంచి ‘ఎన్ని’కి: పూర్వప్రాథమిక దశలో పోలిక, వర్గీకరణ, కొలత భావనల బోధన – జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత వ్యవహారం ఆధారంగా

వ్యాససంగ్రహం:
మూడు నుంచి ఆరేళ్ల వయసు పిల్లలకు పోలిక, వర్గీకరణ, కొలత భావనలను పరిచయం చేసే క్రమాన్ని తెలుగు వ్యాకరణ లక్షణాల దృష్టితో ఈ వ్యాసం వివరిస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ఇంటిమాటలు, వృత్తులు, బతుకమ్మ పండుగ ఇందుకు ఆధారాలు. పిల్లలకు భావన తెలియకపోవడానికీ, పుస్తకంలోని పదం తెలియకపోవడానికీ గల భేదాన్ని మూల్యాంకనంలో గుర్తించాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పూర్వప్రాథమిక విద్య, పోలిక, వర్గీకరణ, కొలత, ‘ఎడు’ ప్రత్యయం, ఇంటిభాష.

1. ఉపోద్ఘాతం

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైనప్పటి నుంచి అంగన్‌వాడీ కేంద్రాల బాధ్యతల్లో పోషకాహారంతోపాటు పూర్వప్రాథమిక విద్య కూడా భాగంగా ఉంది. జాతీయ విద్యావిధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా నిర్ణయించింది. ఆ దశకు సంబంధించిన జాతీయ విద్యాప్రణాళికా చట్రం 2022 అక్టోబరులో వెలువడింది. బోధన ఆటల ద్వారా, పరిసరాల్లోని వస్తువుల ద్వారా సాగాలన్నది అందులోని ఒక సూచన; పిల్లల ఇంటిభాషలో సాగాలన్నది మరొకటి. ఆచరణలో మొదటిదాన్ని స్వీకరించడం సులభం. చింతగింజలు, ఆకులు, గులకరాళ్లు తరగతిలోకి వస్తాయి. వాటి గురించి ఇంట్లో మాట్లాడే మాట మాత్రం గడప దగ్గరే ఆగిపోతుంది. రంగులు, ఆకారాల విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. కానీ పోలిక, కొలత అనేవి వస్తువులో కనిపించే గుణాలు కావు. అవి రెండు వస్తువుల మధ్య ఏర్పరచుకునే సంబంధాలు. ఆ సంబంధాన్ని పట్టి చూపేది భాషే.

2. ‘కన్నా’ లేని పోలిక

తెలుగు విశేషణానికి తారతమ్యాన్ని తెలిపే ప్రత్యేక రూపం లేదు. ఆంగ్లంలో ‘బిగ్’ అనే మాట ‘బిగ్గర్’గా మారినట్లు తెలుగులో ‘పెద్ద’ మారదు. పోలిక భారాన్ని మోసేది విశేషణం కాదు. దానికి ముందు వచ్చే ‘కంటె’ లేదా ‘కన్నా’. అందువల్ల ‘పెద్ద’ అన్న మాటను ఒంటరిగా నేర్పితే అది వస్తువుకు అంటిన గుణంగా పిల్లల మనసులో నిలిచిపోతుంది.

ఏనుగు బొమ్మ కింద ‘పెద్ద’, చీమ బొమ్మ కింద ‘చిన్న’ అని రాసిన పుటలు ఇందుకు ఉదాహరణ. కాగితం మీద ఆ ఏనుగు, ఆ చీమ తరచు ఒకే పరిమాణంలో ఉంటాయి! పిల్లలు సరైన జవాబు చెప్పినా అక్కడ కళ్లతో పోల్చినది ఏమీ లేదు. ముందే తెలిసిన విషయాన్ని అప్పజెప్పారంతే. దానికి బదులు మూడు గిన్నెలు చాలు. నడిమి గిన్నెను చూపి ‘ఇది దీనికన్నా పెద్దది, దానికన్నా చిన్నది’ అన్నప్పుడు ఒకే వస్తువుకు రెండు పేర్లు వర్తిస్తాయి. పోలిక సంబంధమే తప్ప గుణం కాదన్న అవగాహనకు ఇదే మొదటి మెట్టు.

ఎక్కువ, తక్కువ అన్న జంటలో మరో చిక్కు ఉంది. డొనాల్డ్‌సన్, బాల్ఫోర్ 1968లో ప్రచురించిన అధ్యయనంలో ‘ఏ చెట్టుకు తక్కువ కాయలున్నాయి?’ అన్న ప్రశ్నకు మూడున్నర, నాలుగేళ్ల పిల్లల్లో చాలామంది ఎక్కువ కాయలున్న చెట్టునే చూపారు. ఆ ఫలితానికి చెప్పిన కారణాన్ని తర్వాతి పరిశోధకులు ప్రశ్నించారు. అయినా బోధకులకు అది చేసే హెచ్చరిక చెల్లుతూనే ఉంది: ‘తక్కువ’ అన్న మాట ‘ఎక్కువ’తోపాటే రాదు, దానికి వేరే సాధన కావాలి.

3. వర్గీకరణ, క్రమం

జగిత్యాల ప్రాంతంలో వరి ప్రధానమైన పంట. దొడ్డు వడ్లు, సన్న వడ్లు అన్న విభజన ప్రతి ఇంటా వినబడుతుంది. పొలాస పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఒక వరి రకానికి వ్యవహారంలో ‘జగిత్యాల సన్నాలు’ అన్న పేరే ఉంది. గింజను వేళ్ల మధ్య పట్టి దొడ్డు, సన్నం తేల్చడం, చాటలో చెరిగి రాళ్లు, మెరిగలు వేరుచేయడం వర్గీకరణే. ఇన్హెల్డర్, పియాజే పరిశీలనల ప్రకారం చిన్న పిల్లలు ఒక లక్షణంతో మొదలుపెట్టి మధ్యలో మరో లక్షణానికి మారిపోతారు. రంగును బట్టి వేరుచేయడం ఆరంభించి, కాసేపటికి ఆకారాన్ని బట్టి పేరుస్తారు. దీన్ని తప్పుగా దిద్దడం కన్నా ‘ఇవన్నీ ఒక్కచోట ఎందుకు పెట్టినవ్?’ అని అడగడం మేలు. కారణం చెప్పే ప్రయత్నంలోనే లక్షణం స్థిరపడుతుంది.

సిరిసిల్లలో మరమగ్గాల ఇళ్లలో నూలు కండెలు పిల్లలకు పరిచితమైన వస్తువులు. నిండు కండె, సగం కండె, ఖాళీ కండె అన్నవి మందాన్ని బట్టి పేర్చదగిన వరుస. మగ్గం దగ్గరికి పిల్లలను పంపకుండా వాడేసిన కండెలను తరగతికి తెచ్చుకోవచ్చు. కోరుట్ల పరిసరాల్లో బీడీలు చుట్టే తల్లులు అచ్చురేకు పెట్టి తునికాకును ఒకే కొలతకు కత్తిరిస్తారు. సమానత్వాన్ని ఇంత స్పష్టంగా చూపే పని మరొకటి అరుదు. అయితే ఇక్కడ ఒక హద్దు అవసరం. బీడీల తయారీ 1986 బాలకార్మిక చట్టం పిల్లలకు నిషేధించిన పని. పొగాకు దుమ్ము వారి ఊపిరితిత్తులకు చేటు. తరగతికి తేవలసింది ఆ మెలకువను మాత్రమే. అట్ట అచ్చు, మోదుగాకులు అందుకు సరిపోతాయి.

ఈ ప్రాంతాలన్నిటికీ ఉమ్మడి పాఠ్యపుస్తకం బతుకమ్మ. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలను ముందు రకాలవారీగా కుప్పలు పోస్తారు. గునుగు కాడలను కట్టగట్టి కొసలు సమంగా కోస్తారు. అడుగు వరుస వెడల్పుగా, పైపైకి సన్నబడుతూ పేరుస్తారు. పియాజే పది పుల్లలను పొడవు క్రమంలో పేర్చమని పిల్లలకు ఇచ్చిన పరీక్ష సారాంశం ఇదే: మధ్యలోని ప్రతి వరుసా కిందిదానికన్నా చిన్నది, పైదానికన్నా పెద్దది. వరుస తప్పితే బతుకమ్మ ఒరిగిపోతుంది కాబట్టి దిద్దే పని ఉపాధ్యాయులకు ఉండదు.

4. ‘ఎడు’ ప్రత్యయం, కొలత ప్రమాణం

తెలుగులో ‘ఎంత’ రాశిని అడుగుతుంది, ‘ఎన్ని’ సంఖ్యను అడుగుతుంది. కొలవడమంటే ‘ఎంత’ను ‘ఎన్ని’గా మార్చడమే. ‘తాడు ఎంత పొడుగు?’ అన్న ప్రశ్నకు జవాబు ‘ఎన్ని జానలు?’ అన్న ప్రశ్న మీదుగా వస్తుంది. అయితే నీళ్లు, పాలు, బియ్యం తెలుగులో బహువచనాలు. ‘కొన్ని నీళ్లు’, ‘ఎన్ని పాలు’ అనడం సహజం. ‘ఎన్ని నీళ్లు?’ అని అడిగితే పిల్లలు తికమక పడడంలో వారి దోషం లేదు. ‘ఎన్ని చెంబుల నీళ్లు?’ అన్నప్పుడే లెక్కించడానికి ఒక వస్తువు దొరుకుతుంది.

ఆ వస్తువును సిద్ధం చేసే సాధనం ‘ఎడు’ ప్రత్యయం. పిడికెడు, దోసెడు, చెంబెడు, గంపెడు, జానెడు, మూరెడు, బారెడు: పాత్రనైనా, శరీరభాగాన్నయినా ఈ ప్రత్యయం కొలతగా మారుస్తుంది. అంతేకాదు, ‘మూరెడు’ అన్నప్పుడు ‘ఒకటి’ అన్న సంఖ్య అందులోనే ఇమిడి ఉంటుంది. రెండోసారి కొలిస్తే ‘రెండు మూరలు’ అవుతుంది. ఒకే ప్రమాణాన్ని మళ్లీ మళ్లీ వేసి లెక్కించడమన్న, ఈ వయసువారికి కష్టమైన భావన, ఈ మాటల మార్పులో వినబడుతుంది. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం అన్న పాత వరుసలో ప్రతిదీ ముందుదానికి రెట్టింపు. 1956 చట్టంతో మెట్రిక్ ప్రమాణాలు వచ్చాక ఈ పాత్రలు అంగడి నుంచి తప్పుకున్నాయి. వాటిని మళ్లీ వాడుకలోకి తేవాలన్నది ఇక్కడి వాదం కాదు. తవ్వతో రెండుసార్లు పోస్తే మానిక నిండుతుందన్న అనుభవం ఇసుకతోనైనా పిల్లలకు అందాలి.

కొలిచేటప్పుడు పిల్లలు చేసే పొరపాట్లు కొన్నే: మొదలు దగ్గర సరిగా ఆనించకపోవడం, జానకూ జానకూ మధ్య ఖాళీ వదలడం, లేదా ఒకదానిపై ఒకటి వేయడం. చెయ్యికి బదులు ఒకే పొడవున్న పుల్లలను వరుసగా పేర్పిస్తే ఖాళీలు వారికే కనిపిస్తాయి. ఒకే చాపను తల్లి జానతో, బిడ్డ జానతో కొలిచినప్పుడు సంఖ్యలు వేరుగా వస్తాయి. మీటరు ఎందుకు అవసరమైందో చెప్పడానికి వేరే పాఠం అక్కర్లేదు. మీటరు లెక్కన గుడ్డ నేసే సిరిసిల్లలో ఇది మరింత సులభంగా బోధపడుతుంది.

5. పదమా, భావనా?

పాఠ్యపుస్తకం ‘లావు’ అంటుంది, ఇల్లు ‘దొడ్డు’ అంటుంది. పుస్తకంలోని ‘తేలిక’ ఇంట్లో ‘అల్కగ’. ‘ఇంత’, ‘అంత’ స్థానంలో ‘గింత’, ‘గంత’ చేతి సైగతోపాటు వస్తాయి. రెండు సంచులను ఎత్తి చూసి ‘ఇది అల్కగున్నది’ అన్న బిడ్డకు బరువుల పోలిక పూర్తిగా తెలిసినట్లే. ‘తేలిక’ అన్న జవాబు కోసం ఎదురుచూసే మూల్యాంకన పత్రంలో ఆ బిడ్డ వెనకబడినట్లు నమోదవుతుంది. నాలుగేళ్ల వయసులో పడిన ఆ ముద్ర ఒకటో తరగతి దాకా వెంట వస్తే, తెలిసిన విషయమే తెలియదని బిడ్డ నమ్మే ప్రమాదం ఉంది.

అందువల్ల పరిశీలన పత్రంలో రెండు గడులు వేరుగా ఉండాలి: వస్తువులతో చేసి చూపగలగడం ఒకటి, పుస్తకపదంతో చెప్పగలగడం మరొకటి. మొదటి గడి నిండిన తర్వాతనే రెండోది. ఇంటిమాటను ముందు అంగీకరించి, దాని పక్కన పుస్తకపదాన్ని చేర్చాలి: ‘అవును, అల్కగ ఉన్నది, తేలికగా ఉంది అని కూడా అంటారు.’ స్థానిక పదాల పట్టికను ప్రతి కేంద్రంలో తల్లులే తయారుచేయగలరు. దొడ్డు, సన్నం, పొడుగు, పొట్టి, అల్కగ, గింత అన్న ఆరు మాటలతో ఆ పని మొదలుపెట్టవచ్చు.