మల్లమ్మకొండపై వేసవి విడిది

మన సీమవారికి కొండ యనగానే తిరుమల జ్ఞప్తికి వచ్చును. మ్రొక్కుకొందుము, తలనీలాలిత్తుము, దర్శనము చేసికొని ప్రసాదముతో దిగివత్తుము. 1944 వ సంవత్సరమున మోటారుబండ్లు పోవు కనుమదారి యేర్పడువరకు అలిపిరి మెట్లెక్కియో, డోలీలోనో పోవలసియుండెడిది. అంత శ్రమపడి యెక్కినను, చెట్టునీడను ఊరక కూర్చుండి చల్లగాలి పీల్చుటకై పోయిన స్త్రీ అరుదు. మ్రొక్కు లేనిదే ఇల్లు కదలరాదను భావము మనలో పాతుకొనియున్నది. పురుషులకు ఉద్యోగపు సెలవులు కలవు, పిల్లలకు బడి సెలవులు కలవు. ఇల్లాలికో, ఆ సెలవులలోనే పని రెట్టింపగును. అందుచే ఈ వేసవికి మ్రొక్కుతో నిమిత్తము లేని యొక కొండను గూర్చి వ్రాయుచున్నాను.

మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న ఆ కొండను అందరు హార్స్లీకొండ లందురు. సముద్రమట్టమునకు సుమారు 4,100 అడుగుల యెత్తు. వేయి అడుగు లెక్కినకొలది వేడిమి రమారమి రెండు డిగ్రీలు తగ్గును గనుక, తిరుపతిలో మాడిన ప్రాణము అక్కడ తెప్పరిల్లును. కడప కలెక్టరగు హార్స్లీదొర పందొమ్మిదవ శతాబ్దమున ఎండకు తాళలేక అక్కడ బంగళా కట్టించుకొనెను. 1911 లో చిత్తూరు జిల్లా యేర్పడువరకు మదనపల్లె కడప జిల్లాలోనిదే. అంతకు ముందు ఆ కొండపేరు ఏనుగు మల్లమ్మకొండ. మల్లమ్మ యను దిక్కులేని బాలికను ఏనుగులు పోషించెననియు, ఆమె పెద్దదై కొండవాసుల రోగములకు మందిచ్చెననియు, ఒకనాడు కనబడకపోయెననియు అచ్చటివారు చెప్పుదురు. ఆమెకు అక్కడ గుడియు కలదు. చల్లగాలికి వచ్చిన అధికారి పేరు పటములకెక్కి, రోగులకు మందిచ్చిన ఆడుబిడ్డ పేరు పెద్దల నోళ్లలోనే మిగులుట నాకు నచ్చదు. నే నామె పేరే వాడుదును.

తిరుపతినుండి పోవువారు ఒక్కదినమున కొండ చేరవచ్చును. కాని త్రోవలో ఒకనాడు ఆగిన మేలు. చంద్రగిరి కోటలో రాజమహలును, అందలి ప్రదర్శనశాలను చూడుడు. గంట చాలును. భాకరాపేటనుండి అడవిలోనికి తిరిగిన తలకోన వచ్చును. అక్కడి జలపాతము 270 అడుగుల యెత్తునుండి పడును. వేసవిలో ధార సన్నగిలును, అయినను కోనలోని చల్లదనము తగ్గదు. సిద్ధేశ్వరస్వామి గుడి అచ్చటనే యున్నది. ఈ శేషాచలపు అడవి ఎఱ్ఱచందనమునకు పుట్టినిల్లు. ఎండాకు రాలియుండు కాలము గనుక ఒక్క నిప్పురవ్వ చాలును, కొండయే అంటుకొనును. కావున అడవిలో పొయ్యి వెలిగింపరాదు. గుడారమున పండుకొనుట పిల్లలకు వేడుకయే, కాని అటవీశాఖవారిని, పర్యాటకశాఖవారిని ముందుగా అడిగి వారు చూపినచోటనే వేయవలెను. చిఱుతలు, ఎలుగుబంట్లు తిరుగు తావు. ప్రొద్దుక్రుంకిన పిమ్మట పిల్లలను చేయి విడువకుడు.

ఇక వంటమాట. ఇదియే ముఖ్యము. కొండనుండి వచ్చిన ఇల్లాలిని "ఏమి చూచితివమ్మా?" అని యడిగిన, "పొయ్యి చూచితిని" అనవలసిన ప్రయాణములు మనలో పెక్కు జరుగుచున్నవి. ఇంటనున్న పనినే బండికెత్తి కొండపై దించుట విశ్రాంతి యెట్లగును? తలకోనలో పొయ్యి కూడదన్న నియమము ఒకవిధముగా మనకు మేలే చేసినది. మొదటి దినమునకు పులిహోర, రెండవదినమునకు బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, పప్పులపొడి, రొట్టెలు, ఊరగాయ చాలును. మల్లమ్మకొండపై పర్యాటకశాఖవారి బసలో భోజనము దొరకును. ఖర్చని వెనుదీయువారు తామే వండుకొనదలచినచో ఒక సంగతి తెలిసికొనవలెను. ఆ యెత్తున నీరు నూరు డిగ్రీలకు ముందే, సుమారు 96 డిగ్రీలకే మరగును. అందుచే కందిపప్పు తెరచిన గిన్నెలో ఉడుకుటకు ఇంటికంటె ఎక్కువసేపు పట్టును. "నీళ్లు మంచివి కావు" అని కొత్తకోడలిని తప్పుపట్టు అత్తగారలు ఇది గమనింతురుగాక. పప్పును ముందుగా నానవేయవలెను, లేదా కుక్కరు కొనిపోవలెను.

బయలుదేరుటకు ముందే ఇంటివారందరు కూర్చుండి పనులు పంచుకొనుట యుత్తమము. నీళ్లు తెచ్చుట, పక్కలు పరచుట, గిన్నెలు కడుగుట మగపిల్లలకు అప్పగింపవచ్చును. ఇంట చేయుటకు సిగ్గుపడు మగవారు కూడ గుడారము కడ చీపురు పట్టుదురు, చూచు చుట్టములు ఉండరు గనుక! అత్తగారికి మోకాళ్లనొప్పులున్నచో ఆమెను ఇంట విడువవలదు, బండి కొండపైకే పోవును. ఉన్నిబట్ట ఒకటి ఉంచుకొనుడు, తెల్లవారుజామున చలి వేయును.

కొండపై చేయవలసిన పని యేమియు లేదు, అదియే దాని గొప్ప. జామాయిలు చెట్ల వాసన నిండిన గాలి వీచును. 1859 లో నాటినదని చెప్పబడు కళ్యాణి యను మహావృక్షము పేరు అచ్చట అందరికి తెలియును. సాయంకాలము గాలిబండ కడ కూర్చుండిన, క్రింది పల్లెలు, చెఱువులు, చేలు పరచిన చాపవలె కనబడును. పయ్యెద నిలువనీయని గాలి అది, కొంగు దోపుకొని కూర్చుండుడు.

దిగునప్పుడు మదనపల్లెలో బీసెంటు దివ్యజ్ఞాన కళాశాలను చూడుడు. 1919 లో రవీంద్రనాథ ఠాగూరు అక్కడ బసచేసి జనగణమనను ఆంగ్లమున అనువదించెను. ఆ పాటకు స్వరములు వ్రాసియుంచినది మార్గరెట్ కజిన్స్. 1927 లో అఖిలభారత మహిళా సభను స్థాపించుటకు పూనుకొన్న విదుషి ఆమెయే. పిల్లలు బడిలో ప్రతిదినము పాడు పాటకు, తమ తల్లి చూపిన ఊరికి ఇట్టి సంబంధము కలదని తెలిసిన సంతోషింతురు.

ఆ ఊరి టమాటాల విపణి దేశమున పేరెన్నికగన్నది. ధర చౌకగానున్నచో ఒక బుట్ట ఊరగాయకు కొనుడు. ఇల్లు చేరిన మరునాడు ముక్కలు కోయునప్పుడు మగపిల్లలకును తలకొక కత్తి యిండు.