టార్చిలైటు మీటలో రెసిస్టరు మార్చుట

కర్నూలు, కడప జిల్లాలలో అడవిపందుల బెడదవలన వేరుశనగ రైతులు రాత్రులు చేని కావలికి పోవలసివచ్చుచున్నది. చేత నుండునది మన వైపు ‘బ్యాటరీ’ అని పిలుచు టార్చిలైటు. రెండు మెట్ల మీటగల ఎల్.ఇ.డి. టార్చిలలో, చార్జి మిగులునని చాలమంది మొదటి మెట్టులోనే నడతురు. ఆ గుడ్డి వెలుగులో గట్టుమీది కట్లపాము కానరాదు. చెప్పులు, చేతికర్ర ఎటులను ఉండవలసినవే. వెలుగును కొంత పెంచుకొనవచ్చును.

కొన్ని రకములలో ఈ గుడ్డి వెలుగుకు కారణము మీట వెనుక అతికిన చిన్న రెసిస్టరు. దానిపై పసుపు, ఊదా, నలుపు పట్టీలు వరుసగా నున్నచో అది 47 ఓములది. 3.7 వోల్టుల లిథియం సెల్లులో దీపము సుమారు 2.8 వోల్టులు తీసికొనును. మిగిలిన 0.9ను 47చే భాగించిన 19 మిల్లీఆంపియర్ల కరెంటు వచ్చును. బదులుగా 22 ఓములది (ఎరుపు, ఎరుపు, నలుపు) పెట్టినచో 41 మిల్లీఆంపియర్లు. వెలుగు ఇంచుమించు రెట్టింపు. 1200 మిల్లీఆంపియర్ గంటల సెల్లు లెక్కప్రకారము 29 గంటలు వెలుగును, పాతబడినది అంతసేపు రాదు. పావు వాటు రెసిస్టరు చాలును. ఒక వాటు దీపమునకు ఈ కరెంటు భారము కాదు. 20 మిల్లీఆంపియర్ల చిన్న దీపమొక్కటే యున్నచో మార్చరాదు.

సెల్లు తీసిన పిదపనే మీట విప్పవలెను. టంకము వేయుట రానివారు సెల్‌ఫోనులు బాగుచేయు దుకాణములో ఇచ్చుట మేలు. రెసిస్టరుకు బదులు తీగముక్క అతికినచో దీపము మాడవచ్చును. గోడప్లగ్గుకు నేరుగా గుచ్చి చార్జి చేయు చౌకరకపు టార్చిలను ప్లగ్గులో నుండగా విప్పుట ప్రాణాపాయము. లోపలి భాగములకు 230 వోల్టుల కరెంటు సోకియుండవచ్చును. నొక్కినకొలది వెలుగు మారు టార్చిలలో ఈ పని చిప్పు చేయును గనుక ఈ పద్ధతి వానికి వర్తింపదు.