వలయంలో వెలితి

1974లో ఫ్రెంచి గణితవేత్త మిషెల్ దెమజూర్ ఒక సూత్రానికి ప్రచురించిన రుజువులో లొసుగు ఉందని 1983లో విక్టర్ కాట్స్ పట్టుకున్నారు. దాంతో ‘షూబర్ట్ వెరైటీలు’ అనే జ్యామితి రూపాలు ‘నార్మల్’ అన్న సంగతిని మళ్లీ రుజువు చేయాల్సి వచ్చింది. ఆ పని పూర్తిచేసిన వారిలో మద్రాసు లయోలా కాలేజీలో చదువుకున్న సి.ఎస్. శేషాద్రి ఒకరు.

ఈ ‘నార్మల్’ అన్న భావనకు మూలం వలయాల బీజగణితంలో ఉంది. కూడినా, తీసివేసినా, గుణించినా జవాబు బయటికి పోని సముదాయమే వలయం. పూర్ణసంఖ్యలు అలాంటివే. భాగిస్తే మాత్రం జవాబు లోపలే ఉంటుందన్న హామీ లేదు.

పూర్ణసంఖ్యలకు √5ను చేర్చి చూద్దాం. కొత్త వలయంలో 4ను 2×2గా రాయొచ్చు, (√5+1)×(√5−1)గానూ రాయొచ్చు. ఈ ముక్కల్లో ఏదీ ఆ వలయంలో ఇంకా విడిపోదు. ఏ సంఖ్యకైనా ప్రధాన కారణాంకాలు ఒకే రకంగా వస్తాయని బడిలో నేర్చుకున్న నియమం ఇక్కడ చెల్లదు.

కారణం, ఒక సంఖ్య బయటే ఉండిపోవడం. √5+1ని 2తో భాగిస్తే వచ్చే స్వర్ణ నిష్పత్తి అది. దాన్ని φ అందాం. అది x²−x−1=0 సమీకరణానికి సాధన. ఇందులో గరిష్ఠ ఘాతం గుణకం 1. ఇలా మొదటి గుణకం 1గా, మిగతా గుణకాలు వలయంలోవే అయిన సమీకరణానికి సాధనగా వచ్చే ప్రతి భిన్నాన్నీ వలయంలో చేర్చుకుంటే వచ్చేదే ‘ఇంటిగ్రల్ క్లోజర్’. 1/2 లాంటి, పూర్ణసంఖ్య కాని ఏ భిన్నానికీ పూర్ణసంఖ్యల గుణకాలతో అలాంటి సమీకరణం దొరకదు. అందుకే పూర్ణసంఖ్యల్లో ఏ వెలితీ లేదు.

φను చేర్చగానే √5+1 అంటే 2φ, √5−1 అంటే 2÷φ. 1÷φ కూడా φ−1 రూపంలో వలయంలోనే ఉంది. రెండో విభజన నిజానికి మొదటిదే! 6ను 2×3 అన్నా (−2)×(−3) అన్నా ఒకటే అయినట్టు.

జ్యామితిలో ఇదే సంగతి కంటికి కనిపిస్తుంది. y²=x³ వక్రం మూలబిందువు దగ్గర ముల్లులా మొన తేలుతుంది. x, y బహుపదులతో ఏర్పడే ఆ వక్రం వలయంలో లేని భిన్నం t=y/x. దాని వర్గం x. కనుక tకి చేరే హక్కుంది. చేర్చాక x=t², y=t³ అవుతాయి, మొన విప్పుకుని వక్రం నున్నని సరళరేఖగా మారుతుంది. చేర్చాల్సినది ఇంకేమీ మిగలని రూపమే నార్మల్. అయితే నార్మల్ ఉపరితలంపై కూడా అక్కడక్కడా విడివిడి బిందువుల్లో ఇలా నునుపు చెడిన వంకర ఉండొచ్చు, గీత పొడవునా మాత్రం ఉండదు.

ఎన్నో షూబర్ట్ వెరైటీలకు ఇలాంటి వంకరలున్నాయి. అయినా అవి నార్మలేనని శేషాద్రి నిరూపించారు. అందుకు ఆధారమైన ‘స్టాండర్డ్ మోనోమియల్ థియరీ’ని ఆయన వి. లక్ష్మీబాయి, సి. ముసిలితో కలిసి పెంచారు. ముసిలి తర్వాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలో బోధించారు, వలయాల మీద విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం రాశారు.

1984లో శేషాద్రి బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ వదిలి మద్రాసు చేరారు. 1989లో ఆయన మొదలుపెట్టిన గణిత పాఠశాలే నేడు సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్. శేషాద్రి, మరికొందరు సాధించిన ఫలితాలతో 1974 నాటి ఆ దెమజూర్ సూత్రం మళ్లీ గట్టి పునాది మీద నిలబడింది. ప్రాతినిధ్య సిద్ధాంతంలో పరిశోధకులు ఇవాళ దాన్ని నిశ్చింతగా వాడుకుంటున్నారు.