గీత ఎక్కినంతే మాట ఎక్కాలి

ఆసిఫాబాద్ ఇంకా ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నప్పటి జనాభా లెక్కలివి. 1971లో జిల్లా జనాభా 12,88,348. 1981లో 16,39,003. 1991లో 20,82,479. 2001లో 24,88,003. 2011 నాటికి 27,41,239. ఈ ఐదు అంకెలను గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే, గీత ఎడమ నుంచి కుడికి ఎక్కుతూ పోతుంది. అవే అంకెల నుంచి పదేళ్లకోసారి పెరుగుదల శాతం లెక్కగట్టి ఇంకో గీత గీస్తే 27, 27, 19, 10 వస్తాయి. ఇది మొదట సమంగా నడిచి, తర్వాత దిగిపోతుంది.

ఈ రెండో గీతను చూసి ‘పాపులేషన్ డిక్రీజ్డ్’ అని రాస్తే వ్యాకరణం ఒప్పే, విషయం తప్పు. జనం తగ్గలేదు, పెరిగే వేగం తగ్గింది. ‘ద పాపులేషన్ కంటిన్యూడ్ టు రైజ్, బట్ ఎట్ ఎ స్లోయర్ రేట్’ అంటే లెక్క సరిపోతుంది.

విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రైటింగ్‌లో మొదటి ప్రశ్న అడిగేది ఈ పనే. గ్రాఫో, పట్టికో, పై చార్టో ఇస్తారు. దాదాపు 20 నిమిషాల్లో కనీసం 150 పదాలు రాయాలి. విదేశీ చదువుకు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధికి కూడా ఇలాంటి ఇంగ్లిష్ పరీక్ష స్కోరు కావాలి. కాబట్టి ఇది హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల పిల్లలకే పరిమితమైన గొడవ కాదు. తిర్యాణి, జైనూరు మండలాల నుంచి డిగ్రీ దాకా వచ్చిన గోండు, కొలాం పిల్లలకూ ఇది ఎదురయ్యే మెట్టే. ఏపీపీఎస్సీ గ్రూప్-1 మెయిన్స్ ఇంగ్లిష్ పేపర్లోనూ గ్రాఫు చూసి రాసే ప్రశ్న ఉంది.

1786లో లండన్‌లో విలియం ప్లేఫేర్ దేశాల ఎగుమతి, దిగుమతుల లెక్కలను తొలిసారి గీతలుగా గీసి పుస్తకం వేశాడు. పేజీల కొద్దీ అంకెలు ఒక్క చూపులో అర్థం కావాలన్నది ఆయన కోరిక. పరీక్షలో అదే పని తిరగేసి చేయాలి. ఆ ఒక్క చూపులో కనబడినదాన్ని మళ్లీ మాటల్లో పెట్టాలి.

కోచింగ్ నోట్సుల్లో ‘పెరిగింది’ అనడానికి ఇరవై మాటల జాబితా ఉంటుంది. జాబితా బట్టీ పడితే చాలదు. ఏ మాట ఎంత వేగానికి సరిపోతుందో తెలియాలి. ‘రోజ్’, ‘గ్రూ’ మామూలు పెరుగుదలకు. ‘సోర్డ్’, ‘సర్జ్‌డ్’ ఒక్కసారిగా ఎగిసినప్పుడు. జులైలో గట్టి వానకు పెద్దవాగు నీటిమట్టం రాత్రికి రాత్రే పొంగితే ‘సర్జ్‌డ్’ తగిన మాట. ఆ తర్వాత వారాల తరబడి నెమ్మదిగా తీస్తే ‘గ్రాడ్యువల్లీ ఫెల్’. ఎండాకాలంలో ఉన్నచోటే నిలిచిపోతే ‘లెవెల్డ్ ఆఫ్’. పత్తి ధర ఒకరోజు పెరిగి, మర్నాడు పడి, మళ్లీ లేస్తే ‘ఫ్లక్చుయేటెడ్’. ఉష్ణోగ్రత మే నెలలో 45 డిగ్రీల దాకా పోయి దిగొస్తే ‘పీక్డ్ ఎట్’. ఆసిఫాబాద్ పిల్లలు చలికాలంలో సిర్పూర్ (యు) పేరు వార్తల్లో వినని ఏడాది ఉండదు. అక్కడ రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెలోకి పడిపోయినప్పుడు ‘ఫెల్ షార్ప్‌లీ’ అనొచ్చు. మన పిల్లల చేతికి తొందరగా వచ్చే ‘డ్రాస్టికల్లీ’ని మాత్రం వీలైనంత దూరం పెట్టాలి. రెండు శాతం పెరుగుదలకు ఆ మాట తగిలిస్తే, అంకె చదవకుండానే రాశారని దిద్దేవారికి తెలిసిపోతుంది.

చిన్న మాటలు ఇంకా ఇబ్బంది పెడతాయి. ఉమ్మడి ఆదిలాబాద్ అక్షరాస్యత 2001లో 52.68 శాతం, 2011లో 61.01 శాతం. ‘రోజ్ టు 61’ అంటే చేరిన చోటు, ‘రోజ్ బై 8’ అంటే పెరిగిన మేర. ‘టు’, ‘బై’ తారుమారైతే అక్షరాస్యత ఎనిమిది శాతానికి కూలిపోయినట్టే. ఆ ఎనిమిదిని కూడా ‘పర్సెంటేజ్ పాయింట్స్’ అనాలి, ఎందుకంటే 52.68 మీద 8.33 పెరగడమంటే నిజానికి దాదాపు 16 శాతం పెరుగుదల. ఆ 2011 లెక్కల్లోనే పురుషుల అక్షరాస్యత 70.81, స్త్రీలది 51.31. ఇలాంటి జంట కనబడితే విడివిడిగా రెండు వాక్యాలు రాయకుండా ‘వేర్‌యాజ్’తో కలపాలి. ఈ అంకెల్లో అన్నిటికన్నా పెద్ద విషయం ఆ పందొమ్మిదిన్నర పాయింట్ల తేడాయే. ‘ఓవరాల్’ అని మొదలుపెట్టే వాక్యంలో దానికి చోటివ్వాలి. అలా మొత్తాన్ని పట్టిచూపే వాక్యం లేకపోతే, అంకెలన్నీ తప్పు లేకుండా రాసినా బ్యాండ్ స్కోరు తగ్గుతుంది.

కారణాలు రాయకూడదు. ఆడపిల్లల చదువు ఎందుకు వెనకబడిందో ఆసిఫాబాద్ విద్యార్థికి పుస్తకంలో లేనంత తెలిసి ఉండొచ్చు. అయినా గ్రాఫులో లేనిది ఇక్కడ అక్కర్లేదు. అది రెండో ప్రశ్నలోని వ్యాసానికి దాచుకోవాలి, దానికి మార్కులూ రెట్టింపు.

లక్షల లెక్కనూ పక్కన పెట్టాలి. 27 లక్షలు ఆ పరీక్షలో 2.7 మిలియన్లవుతాయి. పది లక్షలు ఒక మిలియన్ అన్న లెక్క పరీక్ష గదిలో తడుముకునేది కాకూడదు.

ఇక క్రియ కాలం. 2011తో ఆగిన గ్రాఫుకు మొదటి నుంచి చివరి దాకా భూతకాలమే. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది, కుమురం భీం ఆసిఫాబాద్ వాటిలో ఒకటి. కొత్త జనగణన 2027లో జరగాల్సి ఉంది. గీత ఎప్పుడైనా రాబోయే ఏళ్లలోకి సాగితే అక్కడి నుంచి ‘రోజ్’ చెల్లదు, ‘ఈజ్ ప్రొజెక్టెడ్ టు రైజ్’ అని మార్చుకోవాలి.