జంషెడ్‌పూర్ లారీ – పందెపు బాట

జంషెడ్‌పూర్ ఉక్కునగరమని విద్యార్థులందరూ ఎరుగుదురు. అది లారీల నగరం కూడా. 1945లో రైలు ఇంజన్ల తయారీకై అక్కడ నెలకొన్న టెల్కో సంస్థ, జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో 1954లో లారీల ఉత్పత్తి చేపట్టింది. 2003లో ఆ సంస్థయే టాటా మోటార్స్ అయినది. ఉపాధికై పలు రాష్ట్రాల నుండి వచ్చిన కుటుంబాలు ఈ నగరంలో స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం అక్కడి తెలుగువారి ఉనికికి నిదర్శనం. ఈ నగరంలో తయారయ్యే ప్రైమా లారీ ఒకప్పుడు మోటారు పందేలలోనూ పరుగు తీసింది.

పందెపు కారు నడపడం వృత్తిగా స్వీకరించడం సామాన్యులకు సులభం కాదు. ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ 1992లో ఫ్రాన్సులో శిక్షణ పొందాడు. 1996లో ఫార్ములా ఏషియా విజేత అయ్యాడు. 2005లో గాని జోర్డాన్ జట్టులో స్థానం లభించలేదు. ఇంతటి దీర్ఘకాలం కారుకు, టైర్లకు, మెకానిక్కులకు, విదేశ ప్రయాణాలకు ధనం సమకూరుతూనే ఉండాలి. పోషక సంస్థల అండ లేనిచో ప్రతిభ ఒక్కటే చాలదు.

2014 మార్చి 23న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్‌లో టాటా మోటార్స్ సంస్థ లారీ పందెం నిర్వహించింది. ఆరు జట్లు, పన్నెండు ప్రైమా లారీలు పాల్గొన్నాయి. లారీ మనది, బాట మనది. చోదకులు మాత్రం విదేశీయులు. ఈ లోటు తీర్చుటకు మన లారీ డ్రైవర్లనే ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, 2016లో వారిని పందెంలో నిలిపారు.

ఆ శిక్షణ ఏళ్ల తరబడి అలవడిన పద్ధతులను మార్చుకోవడమే. రహదారిపై మంచి డ్రైవరు సరుకునూ, డీజిలునూ కాపాడుతూ ముందుగానే బ్రేకు వేస్తాడు. పందెంలో మలుపు దగ్గరపడే వరకు ఆగి, ఒక్కసారిగా వేగం తగ్గించాలి. కొన్ని టన్నుల బరువును పదేపదే అట్లు నిలువరించినప్పుడు బ్రేకులు తీవ్రంగా వేడెక్కుతాయి. అందుకే పందెపు లారీలలో నీటితో వాటిని చల్లబరుస్తారు. లారీ బోల్తాపడినా చోదకుని రక్షించుటకు క్యాబిన్ లోపల ఉక్కు గొట్టాల చట్రం అమరుస్తారు.

ఏడాదికొకసారి జరిగే పందెం జీవనోపాధి కాజాలదు. పందెం ముగిసిన పిమ్మట డ్రైవరు మరల రహదారికే చేరవలసి ఉంటుంది. అయినను ధనబలం లేని చోదకునికీ పోటీలో నిలిచే నేర్పు ఉన్నదని ఆ ప్రయత్నం చాటింది. దేశం నలుమూలలకు ధాన్యాన్నీ, సిమెంటునూ, ఉక్కునూ చేరవేసే చేతులవి. పందెపు బాటపై వారికి లభించిన శిక్షణ, భద్రత, గౌరవం రహదారిపైనా లభించినప్పుడే ఆ ప్రయత్నం సార్థకమవుతుంది.